ఎస్‌యూవీ ఇంజిన్ లోపాలు, హెచ్చరిక లైట్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటిల్లిపాదీ ఎక్కి వెళ్తున్న బండిలో డ్యాష్‌బోర్డు మీద ఏదో లైటు వెలిగిందంటే ముందు వచ్చే ప్రశ్న ఒక్కటే: ఆపాలా, పోనివ్వొచ్చా? ఆ తర్వాత వచ్చే సందేహాలూ దాదాపు అందరికీ అవే. పదే పదే ఎదురైనవాటిని ఇక్కడ ఒకచోట పెట్టాను. ఏ జవాబుకు ఆ జవాబు పూర్తిగా ఉంటుంది, కాబట్టి మీకు కావలసిన చోటి నుంచే చదవండి. ఏ జవాబులోనైనా నేను గట్టిగా పట్టుబట్టేది ఒక్కటే: ఏది చెడిందో తేలేదాకా ఏ పార్టూ మార్చకండి.

## లైటు వెలిగిన క్షణంలో

లైటు ఎరుపా, పసుపా అన్నది నిజంగా అంత ముఖ్యమా?

అన్నిటికన్నా ముందు చూడాల్సింది రంగే. ఎరుపైతే పక్కన క్షేమంగా ఉన్న చోటు చూసి ఆపాలి. పసుపైతే నడపొచ్చు, చూపించడం మాత్రం వాయిదా వేయకూడదు. పచ్చ, నీలం లైట్లు ఏదో ఆన్‌లో ఉందని చెప్పడానికే. తాళం ఆన్ చేయగానే లైట్లన్నీ ఒకసారి వెలిగి, ఇంజిన్ అందుకున్నాక ఆరిపోవడం మామూలే. అది బండి తన లైట్లను తానే పరీక్షించుకోవడం. అప్పుడు కూడా వెలగని లైటు ఉంటే అనుమానించండి. సెకండ్ హ్యాండ్ బండి చూడ్డానికి వెళ్లినప్పుడు నేను మొదట చూసేది ఇదే, ఎందుకంటే లోపం కనబడకుండా లైటునే పనిచేయకుండా చేసి అమ్మేవాళ్లున్నారు.

ఇంజిన్ లైటు వెలిగింది, కానీ బండి మామూలుగానే నడుస్తోంది. ప్రయాణం ఆపాలా?

పసుపు ఇంజిన్ లైటు నిలకడగా వెలుగుతూ, పికప్ తగ్గకుండా, టెంపరేచర్ మామూలుగా ఉండి, కొత్త శబ్దమేదీ లేకపోతే గమ్యం చేరొచ్చు. యాక్సిలరేటర్ మీద గట్టిగా తొక్కకండి, బరువు లాగించకండి. పెట్రోలు బండైతే ట్యాంకు మూత క్లిక్‌మనేదాకా బిగించి ఉందో లేదో చూడండి. మూత వదులైనా కొన్ని బండ్లలో ఇదే లైటు వస్తుంది. బిగించిన వెంటనే ఆరదు, కొన్నిసార్లు బండి తీసి తిప్పాక దానంతటదే పోతుంది. మూత సరిగానే ఉంటే ఆ వారంలోనే స్కాన్ చేయించండి, అంటే బండి కంప్యూటర్‌లో నమోదైన లోపం కోడ్‌ను స్కానర్‌తో చదివించండి.

అదే లైటు వెలుగుతూ ఆరుతూ ఉంది. తేడా ఏమిటి?

చాలా తేడా ఉంది. పెట్రోలు బండిలో ఇంజిన్ లైటు మిణుకుతోందంటే సిలిండర్‌లో పెట్రోలు సరిగా మండడం లేదు, అంటే బండి మిస్ అవుతోంది. మండని పెట్రోలు సైలెన్సర్ దారిలో వెళ్లి, పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లో మండుతుంది. ఆ వేడికి లోపలి పింగాణీ జాలీ కరిగిపోవచ్చు. కాయిల్‌తో (ప్లగ్గుకు కరెంటు పంపే భాగం) పోయే రిపేరు కన్వర్టర్ దాకా పాకేది ఇలాగే. వెంటనే వేగం తగ్గించండి. మిణుకు ఆగి లైటు నిలకడగా వెలిగితే నెమ్మదిగా దగ్గర్లోని గ్యారేజీకి పోవచ్చు. ఆగకపోతే బండి ఆపి టోయింగ్ పిలిపించండి.

ఆయిల్ క్యాను గుర్తున్న ఎర్ర లైటు మలుపులో ఒక్క క్షణం వెలిగి ఆరింది. పట్టించుకోవాలా?

తప్పకుండా. ఆ లైటు చెప్పేది ఆయిల్ ప్రెషర్ పడిపోయిందని. మలుపులోనో, బ్రేకు వేసినప్పుడో క్షణకాలం వెలిగితే, కింది సంప్‌లో ఆయిల్ అంత తక్కువగా ఉందన్నమాట: బండి వంగగానే ఆయిల్ ఒక పక్కకు పోయి పంపుకు గాలి అందుతోంది. సమతలంగా ఉన్న చోట ఆపి, ఇంజిన్ ఆర్పి, 10 నిమిషాలాగి డిప్‌స్టిక్ (ఆయిల్ లెవెల్ చూసే పుల్ల) తీయండి. శుభ్రంగా తుడిచి, మళ్లీ పూర్తిగా దించి తీసినప్పుడే అసలు లెవెల్ తెలుస్తుంది. చాలా ఇంజిన్లలో కింది గీతకూ పై గీతకూ మధ్య తేడా సుమారు 1 లీటరు.

లెవెల్ సరిగానే ఉండి కూడా లైటు వెలుగుతుంటే ఇంజిన్ మళ్లీ స్టార్ట్ చేయకండి. "సెన్సర్ పోయి ఉంటుందిలే" అన్న మాట నిజం కావచ్చు, కానీ ఆ మాట నమ్మి నడపకూడదు. ప్రెషర్ లేకుండా కొద్దిసేపు తిరిగినా బేరింగులు పట్టేస్తాయి. సెన్సర్ విప్పి ఆ చోట గేజీ బిగించి ప్రెషర్ కొలిస్తే, తప్పు సెన్సర్‌దో పంపుదో తేలిపోతుంది. ఇంజిన్‌కు సంబంధించిన హెచ్చరికల్లో ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయకూడనిది నా లెక్కలో ఇదే.

టెంపరేచర్ ముల్లు ఎరుపులోకి వెళ్లింది. రేడియేటర్‌లో నీళ్లు పోసి వెళ్లిపోవచ్చా?

వెంటనే పోయకూడదు. ముందు ఏసీ ఆపి, హీటర్‌ను పూర్తి వేడికి, ఫ్యాన్‌ను పూర్తి స్పీడుకు పెట్టండి. క్యాబిన్‌లో ఉక్కపోస్తుంది కానీ ఇంజిన్ వేడి కొంత బయటికి పోతుంది. పక్కకు ఆపి ఇంజిన్ ఆర్పండి. మూత ముట్టుకోకండి. లోపల కూలెంట్ ప్రెషర్‌లో ఉంటుంది కాబట్టి 100 డిగ్రీలు దాటినా మరగకుండా నిలుస్తుంది. మూత తిప్పగానే ప్రెషర్ పోయి ఒక్కసారిగా మరిగి మొహం మీదికి చిమ్ముతుంది. ఇంజిన్ పూర్తిగా చల్లబడడానికి గంట పట్టినా ఆగాల్సిందే. కాలిపోతున్న ఇంజిన్‌లో చల్లనీళ్లు పోస్తే హెడ్‌కు (సిలిండర్ల పైభాగం) బీట పడే ప్రమాదం ఉంది.

చల్లబడ్డాక ఏ పరిస్థితిలో వేడెక్కిందో గుర్తు చేసుకోండి. రోగ నిర్ణయంలో సగం అక్కడే అయిపోతుంది. ట్రాఫిక్‌లో వేడెక్కి, హైవే ఎక్కగానే తగ్గితే రేడియేటర్ ఫ్యాన్, దాని రిలే, ఫ్యూజు చూడాలి. హైవే మీద, ఎత్తు ఎక్కేటప్పుడు వేడెక్కితే రేడియేటర్ మూసుకుపోవడమో, నీళ్ల పంపు బలహీనపడటమో కారణం కావచ్చు. స్టార్ట్ చేసిన కాసేపటికే వేడెక్కుతుంటే థర్మోస్టాట్ (కూలెంట్‌ను రేడియేటర్‌కు వదిలే వాల్వు) మూసుకుని ఉండిపోయిందేమో చూడాలి. కింద ఎక్కడా చుక్క పడకుండానే కూలెంట్ తగ్గుతూ, ఇంజిన్ వేడెక్కాక కూడా సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ వస్తుంటే హెడ్ గాస్కెట్‌ను (హెడ్ కింద లీకు కాకుండా ఉంచే పొర) పరీక్షించాలి. కూలెంట్‌లో సిలిండర్ గ్యాసు కలుస్తోందో లేదో రంగు మారే రసాయనంతో చూసే పరీక్ష ఒకటుంది. హెడ్ విప్పడానికి ఒప్పుకునే ముందు అది చేయించమనండి.

నడుస్తుండగా బ్యాటరీ గుర్తు వెలిగింది. బ్యాటరీ మార్చాలా?

నడిచేటప్పుడు వెలిగితే ఎక్కువసార్లు లోపం చార్జింగ్‌లో ఉంటుంది: బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్, దాని బెల్టు, లేదా వదులైన వైరు. బెల్టే తెగి ఉంటే చాలా ఇంజిన్లలో నీళ్ల పంపు కూడా ఆగిపోతుంది. అందుకని టెంపరేచర్ మీద ఒక కన్నేయండి. అది పెరుగుతుంటే ఆపేయండి. పెరగకపోతే ఏసీ, సీటు హీటర్ల లాంటివన్నీ ఆపి, ఇంజిన్ ఆర్పకుండా దగ్గర్లోని గ్యారేజీకి పోండి. బ్యాటరీలో ఉన్న కాస్త చార్జితోనే బండి నడుస్తోంది, ఆర్పితే మళ్లీ స్టార్ట్ కాకపోవచ్చు.

## స్టార్ట్ కాని బండి

సెల్ఫ్ కొడితే టకటకమంటుంది, ఇంజిన్ తిరగదు. సెల్ఫ్ మోటారు పోయిందా?

ముందు బ్యాటరీని అనుమానించండి. టకటకమంటూనే మీటరు లైట్లు మసకబారితే అది బ్యాటరీ బలహీనత లేదా తుప్పు పట్టిన టెర్మినళ్లు. మల్టీమీటరుతో చూస్తే, కొన్ని గంటలు కదలకుండా ఉన్న బండిలో 12.6 వోల్టులు నిండు బ్యాటరీ, 12.2 సుమారు సగం, 12 లోపు దాదాపు ఖాళీ. సెల్ఫ్ కొడుతున్నప్పుడు 9.6 కంటే కిందికి పడితే బ్యాటరీ లోడు మోయడం లేదు. ఇంజిన్ నడుస్తున్నప్పుడు సాధారణంగా 13.8 నుంచి 14.7 మధ్య ఉండాలి. కొత్త బండ్లలో ఇంధనం ఆదా కోసం చార్జింగ్‌ను కంప్యూటర్ పెంచి తగ్గిస్తుంటుంది, కాబట్టి ఒక్క క్షణపు అంకె చూసి తేల్చేయకండి. బ్యాటరీ నిండుగా ఉండి, లైట్లు మసకబారకుండా, ఒకే ఒక్క టక్ శబ్దం వస్తే అప్పుడు సెల్ఫ్ మోటారు వైపు చూడాలి.

సెల్ఫ్ బాగా తిరుగుతోంది కానీ ఇంజిన్ అందుకోవడం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

మీటరులో తాళం గుర్తు మిణుకుతోందా చూడండి. మిణుకుతుంటే ఇమ్మొబిలైజర్ (దొంగతనం జరగకుండా ఆపే వ్యవస్థ) మీ తాళాన్ని గుర్తుపట్టలేదు. స్పేర్ తాళంతో ప్రయత్నించండి. బటన్ స్టార్ట్ బండైతే రిమోట్‌ను బటన్‌కు ఆనించి నొక్కండి, రిమోట్ బ్యాటరీ అయిపోయినా చాలా బండ్లు అలా స్టార్టవుతాయి. తాళం సమస్య కాకపోతే ఇంధనం వైపు చూడాలి. పెట్రోలు బండిలో తాళం ఆన్ చేయగానే వెనక సీటు కింది నుంచి రెండు మూడు సెకన్లు సన్నగా జుయ్‌మనే పంపు శబ్దం వినిపించాలి. అది లేకపోతే పంపు, రిలే, ఫ్యూజు చూడాలి. వేడి ఇంజిన్ ఉన్నట్టుండి ఆగిపోయి, చల్లబడ్డాక ఏమీ జరగనట్టు స్టార్టవుతుంటే క్రాంక్ సెన్సర్‌ను (ఇంజిన్ తిరుగుతోందని కంప్యూటర్‌కు చెప్పేది) గట్టిగా అనుమానించండి.

నిలిచిన నీళ్లలోంచి వెళ్తుంటే ఆగిపోయింది. మళ్లీ స్టార్ట్ చేసి చూడొచ్చా?

వద్దు, ఒక్కసారి కూడా వద్దు. ఎత్తైన బండి కదా అని ధైర్యంగా దిగుతాం, కానీ గాలి పీల్చే మార్గంలోకి నీళ్లు వెళ్తే ఎత్తు కాపాడదు. గాలి నొక్కితే కుంచించుకుపోతుంది, నీళ్లు కుంచించుకోవు. సిలిండర్‌లో నీళ్లుండగా సెల్ఫ్ కొడితే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. బండిని తోయించి బయటికి తీసి, ఎయిర్ ఫిల్టర్ విప్పి చూడండి. అది తడిసి ఉంటే ప్లగ్గులు లేదా ఇంజెక్టర్లు తీసి నీళ్లు బయటికి పంపాకే ఇంజిన్ తిప్పాలి.

## స్కానర్ పెట్టాక

స్కానర్ నేనే కొనుక్కోవచ్చా, లేక మెకానిక్ దగ్గరే ఉండాలా?

చిన్న బ్లూటూత్ అడాప్టర్, ఫోన్‌లో ఒక యాప్ ఉంటే ఇంజిన్ కోడ్లు మీరే చదవొచ్చు. డ్రైవరు మోకాళ్ల దగ్గర, డ్యాష్‌బోర్డు కింద 16 పిన్నుల సాకెట్ ఉంటుంది. ఈ పద్ధతి అమెరికాలో 1996 మోడళ్ల నుంచి, ఐరోపాలో పెట్రోలు కార్లకు 2001 నుంచి, డీజిల్ కార్లకు 2004 నుంచి తప్పనిసరైంది. ఏబీఎస్ (గట్టి బ్రేకులో చక్రాలు లాకవకుండా చూసేది), ఎయిర్‌బ్యాగ్, గేర్‌బాక్స్ కోడ్లు చదవాలంటే మాత్రం చవక అడాప్టర్లు చాలావరకు చాలవు. కోడ్ కనబడగానే ఫోటో తీసుకోండి. దాంతోపాటు ఫ్రీజ్ ఫ్రేమ్ తెరవండి: లోపం నమోదైన క్షణంలో వేగం, ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు), ఇంజిన్ వేడి ఎంతున్నాయో అందులో ఉంటుంది. చాలామంది దాన్ని తెరవనే తెరవరు. "చల్లటి ఇంజిన్, ఐడిల్‌లో" (బండి నిలిచి, ఇంజిన్ తిరుగుతుండగా) అని తేలినా వెతకాల్సిన జాగా సగానికి తగ్గిపోతుంది.

కోడ్‌లో పేరున్న పార్టు మార్చేస్తే సరిపోతుంది కదా?

ఎక్కువ డబ్బు వృథా అయ్యేది ఇక్కడే. జ్వరం కొలిచినంత మాత్రాన రోగం తెలియదు, కోడ్ కూడా అంతే. పి0420 అంటే కన్వర్టర్ పనితనం తగ్గినట్టు కనిపిస్తోందని మాత్రమే. ఆక్సిజన్ సెన్సర్‌కు (పొగలో ఆక్సిజన్ ఎంతుందో కొలిచేది) ముందు సైలెన్సర్ పైపు లీకైనా, ఇంజిన్ కొన్నాళ్లుగా మిస్ అవుతున్నా అదే కోడ్ రావచ్చు. పి0171 అంటే గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అని. దాన్ని చూసి ఆక్సిజన్ సెన్సర్ మార్చేస్తుంటారు, నిజానికి చాలాసార్లు ఆ సెన్సర్ ఉన్నదున్నట్టు చెబుతోంది. తప్పు చిరిగిన వాక్యూమ్ పైపుదో, మురికి పట్టిన ఎయిర్‌ఫ్లో సెన్సర్‌దో (ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని కొలిచేది) అయ్యుంటుంది.

ఈ రెంటినీ వేరుచేయడానికి ఫ్యూయల్ ట్రిమ్ అంకెలు చూడండి. కంప్యూటర్ తనంతట తాను ఎంత పెట్రోలు కలుపుతోందో, ఎంత తగ్గిస్తోందో అవి చూపిస్తాయి. ట్రిమ్ ప్లస్ 10 శాతం దాటితే ఏదో లోపముంది. ఐడిల్‌లో ఎక్కువగా ఉండి, 2500 ఆర్‌పీఎంకి రేజ్ చేయగానే తగ్గిపోతే ఎక్కడో గాలి లీకవుతోంది. ఐడిల్‌లో బాగానే ఉండి, లోడు పెరిగేకొద్దీ పెరుగుతుంటే పెట్రోలు పంపు, ఫిల్టర్, ఎయిర్‌ఫ్లో సెన్సర్ వైపు వెళ్లాలి. ఖర్చు లేని పరీక్ష, 5 నిమిషాల పని.

పి0302 వచ్చింది. ప్లగ్గా, కాయిలా, ఇంజెక్టరా?

పి0302లో చివరి అంకె సిలిండర్ నంబరు, అంటే రెండో సిలిండర్ మిస్ అవుతోంది. ఇంజిన్ ఆర్పి, చల్లబడ్డాక, రెండో సిలిండర్ కాయిల్‌ను విప్పి మూడోదానితో తారుమారు చేయండి. విప్పేటప్పుడు సాకెట్ క్లిప్పు నొక్కి లాగాలి, వైరు పట్టుకుని లాగితే తెగుతుంది. కాయిల్ కింది రబ్బరు గొట్టంలో ఆయిల్ తడి ఉందా, సన్నటి నల్ల గీత ఉందా చూడండి. ఆ గీత కరెంటు పక్కదారి పట్టిన జాడ. కోడ్ చెరిపి బండి నడపండి. ఈసారి పి0303 వస్తే లోపం కాయిల్‌తోపాటు జరిగింది, అదే దొంగ. పి0302 అలాగే ఉంటే ప్లగ్గును కూడా అలాగే మార్చి చూడండి. ప్లగ్గు కూడా కాకపోతే ఇంజెక్టర్, ఆ తర్వాత కంప్రెషన్ పరీక్ష. ఏమీ కొనకుండానే ఇంతదూరం రావొచ్చు.

బ్యాటరీ వైరు తీసి పెడితే లైటు పోయింది. ఇక బాగైనట్టేనా?

పోయింది లైటు, లోపం కాదు. ఫ్రీజ్ ఫ్రేమ్ చెరిగిపోయింది, కంప్యూటర్ నేర్చుకున్న సర్దుబాట్లూ పోయాయి, రేడియో లాకైపోవడం లాంటి కొత్త చిక్కులూ రావచ్చు. పైగా కంప్యూటర్ తన అంతర్గత పరీక్షలన్నీ మళ్లీ మొదటి నుంచి పూర్తి చేయాలి. అవి పూర్తికాని బండి కొన్ని దేశాల్లో పొగ పరీక్షలో నెగ్గదు. కోడ్ రాసిపెట్టుకోకుండా ఎప్పుడూ చెరపకండి.

## డీజిల్ బండి ప్రత్యేక బాధలు

డీపీఎఫ్ లైటు వెలిగింది. శుభ్రం చేయించాలా, నడిపితే పోతుందా?

మొదట్లోనే చూసుకుంటే చాలాసార్లు నడిపితే పోతుంది. డీజిల్ మసిని పట్టి ఉంచే ఫిల్టర్ అది. నిండగానే సుమారు 600 డిగ్రీల వేడిలో ఆ మసిని కాల్చేసుకుంటుంది. రోజూ నాలుగైదు కిలోమీటర్లే తిరిగే బండికి అంత వేడి రాదు. లైటు పసుపులో ఉండి బండి మామూలుగా లాగుతుంటే ఖాళీ రోడ్డు మీద 2000 ఆర్‌పీఎంకి పైన, గంటకు 60 కిలోమీటర్లు దాటి, 20 నిమిషాలు ఆగకుండా నడపండి. ఆ పని జరుగుతుండగా ఐడిల్ కాస్త పెరగడం, ఫ్యాన్ గట్టిగా తిరగడం, వేడి వాసన రావడం మామూలే. అప్పుడు ఇంజిన్ ఆర్పకండి, ఎండుగడ్డి మీద బండి ఆపకండి.

లైటు మిణుకుతున్నా, ఇంజిన్ లైటు తోడైనా, పికప్ పడిపోయినా ఇక నడిపి లాభం లేదు, గ్యారేజీలో యంత్రంతో చేయించాలి. మళ్లీ మళ్లీ నిండుతుంటే మూలం వేరేచోట ఉంది: కారుతున్న ఇంజెక్టర్, మూసుకుపోయిన ఈజీఆర్ (పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపే వాల్వు), చిరిగిన టర్బో పైపు. తెరుచుకుని ఉండిపోయిన థర్మోస్టాట్ కూడా కారణం కావచ్చు. ఇంజిన్ సరిగా వేడెక్కకపోతే చాలా బండ్లు మసి కాల్చే పనే మొదలుపెట్టవు. సగంలో ఆగిన ప్రయత్నాల వల్ల డీజిల్ కిందికి జారి ఆయిల్‌లో కలుస్తుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ పై గీత దాటితే సంతోషించకండి, మార్పించండి.

బండి 3000 ఆర్‌పీఎం దాటడం లేదు, ఓవర్‌టేక్ చేయలేకపోతున్నా. టర్బో పోయినట్టేనా?

అది లింప్ మోడ్. ఇంజిన్‌ను కాపాడుకోవడానికి కంప్యూటరే శక్తి తగ్గించింది. పక్కకు ఆపి ఒకసారి ఆర్పి స్టార్ట్ చేస్తే తాత్కాలికంగా తిరిగి రావచ్చు, కానీ కారణం అలాగే ఉంటుంది. పి0299 కోడ్ (టర్బో గాలి ఒత్తిడి తక్కువని అర్థం) ఉండి, తొక్కినప్పుడు ఉస్సుమనే గాలి శబ్దం, నల్ల పొగ ఉంటే టర్బో కంటే ముందు ఇంటర్‌కూలర్ (టర్బో పంపే గాలిని చల్లబరిచేది) పైపులు తడిమి చూడండి. చిరుగు చాలాసార్లు కంటికి కనబడని కింది వైపు ఉంటుంది. ఆ చోట ఆయిల్ జిడ్డు చేతికి తగులుతుంది.

డీజిల్ ఫిల్టర్‌లో నీళ్లున్నాయని లైటు. ఎంతదూరం పోవచ్చు?

పోకండి. కొత్త తరం డీజిల్ ఇంజెక్టర్లు అతి సన్నటి రంధ్రాలతో, భారీ ప్రెషర్‌తో పనిచేస్తాయి, నీళ్లు తగిలితే పాడవుతాయి. ఫిల్టర్ కింద నీళ్లు వదిలే మర ఉంటే అది వదులు చేసి గిన్నెలోకి కారనివ్వండి. ముందు నీళ్లు, ఆ తర్వాత శుభ్రమైన డీజిల్ వచ్చేదాకా ఆగి బిగించండి.

యాడ్‌బ్లూ లైటు కిలోమీటర్లు లెక్కపెడుతోంది. సున్నా అయితే?

చాలా బండ్లు నడుస్తుండగా ఆగవు, కానీ ఆర్పాక మళ్లీ స్టార్ట్ కావు. యాడ్‌బ్లూ డీజిల్ పొగను శుద్ధి చేయడానికి వాడే ద్రవం: 32.5 శాతం యూరియా, మిగతాది శుద్ధ జలం. దాని ట్యాంకులోనే పోయాలి. పొరపాటున డీజిల్ ట్యాంకులో పడితే తాళం కూడా ఆన్ చేయకండి, పంపు తిరుగుతుంది. నింపాక కూడా లెక్క ఆగకపోతే సెన్సర్‌నో, గడ్డకట్టిన ఇంజెక్టర్‌నో చూడాలి.

## చక్రాలు, బ్రేకులు, ఎయిర్‌బ్యాగ్

ఏబీఎస్, స్కిడ్, ఫోర్ వీల్ డ్రైవ్ లైట్లు మూడూ ఒకేసారి వచ్చాయి. మూడూ పోయాయా?

ఎక్కువసార్లు పోయింది ఒక్కటే. మూడూ చక్రాల స్పీడు సెన్సర్ల మీదే ఆధారపడతాయి, ఒక్కటి మాట్లాడకపోతే మూడూ ఆగుతాయి. స్కానర్‌లో నాలుగు చక్రాల వేగాలూ పక్కపక్కన పెట్టి నెమ్మదిగా నడిపితే తేడా పలికే చక్రం దొరుకుతుంది. ఫోర్ వీల్ డ్రైవ్ బండిలో ఒక్క టైరే కొత్తది వేయించి ఉంటే అది కూడా చెప్పండి. చుట్టుకొలతలో తేడా కంప్యూటర్‌ను తికమక పెడుతుంది, ముందు వెనక చక్రాలను కలిపే లోపలి కప్లింగ్‌ను అరగదీస్తుంది. పసుపు ఏబీఎస్ లైటుతో జాగ్రత్తగా నడపొచ్చు. దానికి ఎర్ర బ్రేకు లైటు తోడైతే ఆపండి. గట్టి బ్రేకులో వెనక చక్రాలు లాకయ్యే ప్రమాదముంది.

గాలి నింపినా టైరు లైటు పోవడం లేదు.

టైర్లు చల్లగా ఉన్నప్పుడు కొలవండి. వాతావరణం 5, 6 డిగ్రీలు చల్లబడితే సుమారు 1 పీఎస్‌ఐ తగ్గుతుంది. కొన్ని బండ్లలో నింపాక మెనూలో రీసెట్ నొక్కాలి. స్టార్ట్ చేసినప్పుడు ఒక నిమిషం మిణుకుమని తర్వాత నిలకడగా వెలిగితే లోపం గాలిది కాదు, సెన్సర్‌ది.

సీటు జరిపాక ఎయిర్‌బ్యాగ్ లైటు వచ్చింది. నేనే సరిచేయొచ్చా?

కింద పసుపు రంగు కనెక్టర్ వదులై ఉండొచ్చు. ఏదైనా వైరుకు చిక్కుకుని ఉందేమో కంటితో చూడండి, అంతే. మల్టీమీటరు పెట్టకండి, తాళం ఆన్‌లో ఉండగా విప్పకండి. ఎయిర్‌బ్యాగ్ పేలవచ్చు. ఈ ఒక్క పని శిక్షణ ఉన్నవాళ్లకే వదిలేయండి. లైటు వెలుగుతున్నంతకాలం ప్రమాదంలో బ్యాగులు తెరుచుకోకపోవచ్చు కాబట్టి ఆలస్యం చేయకండి.

## గ్యారేజీలో, ఆ తర్వాత

మెకానిక్‌కు ఏం చెప్పాలి?

"స్కాన్ చేసి చూడండి" అని వదిలేయకండి. లోపం చల్లటి ఇంజిన్‌తోనా, వేడెక్కాకా? ఏ వేగంలో? ఏసీ ఉన్నప్పుడేనా? ఇంధనం నింపాక మొదలైందా? ఈమధ్య ఏం విప్పారు? పొగ రంగూ చెప్పండి: నీలం అయితే ఆయిల్, నలుపైతే ఎక్కువైన ఇంధనం లేదా తక్కువైన గాలి, వేడెక్కాక కూడా తెలుపైతే కూలెంట్. శబ్దాన్ని ఫోన్‌లో రికార్డు చేసి తీసుకెళ్లండి, గ్యారేజీలో అది వినిపించకపోవడం మామూలే. పార్టు మార్చాలంటే "ఏ పరీక్షలో తేలింది?" అని మర్యాదగానే అడగండి. మంచి మెకానిక్ ఆ ప్రశ్నకు సంతోషిస్తాడు, పాత పార్టు కూడా చేతికిస్తాడు.

రిపేరు చేయించిన వారానికే లైటు మళ్లీ వచ్చింది. మోసపోయానా?

ముందు కోడ్ చదివి, పాతదాని ఫోటోతో పోల్చండి. అదే కోడ్ అయితే మూలం దొరకలేదు లేదా కొత్త పార్టే చెడ్డది. రెంటికీ రిపేరు చేసినవాళ్లదే బాధ్యత. పక్కనే ఉన్న వేరే కోడ్ అయితే, పనిచేసేటప్పుడు కనెక్టర్ సరిగా కూర్చోకపోవడమో, పైపు వదలడమో జరిగి ఉండొచ్చు. చేయి పెట్టిన చోటే మొదట చూడమనండి. సంబంధమే లేని కోడ్ అయితే అది కొత్త లోపం. ఫ్రీజ్ ఫ్రేమ్ ఫోటో తీసి, తేదీ, కిలోమీటర్లు రాసి, రెండు ఫోటోలూ చూపించి మాట్లాడండి.